ఖాళీ పొర కూడా ఎర్రబడింది: జన్యువును మోసే నానోపోగుల స్కాఫోల్డ్ ప్రాజెక్టు డైరీ

ఎముకలో ఖాళీ ఏర్పడినచోట అమర్చదగిన సన్నని పోగుల పొరను (స్కాఫోల్డ్) తయారుచేసి, దానిపై చేరిన కణాలే, ఎముక పెరగమని సంకేతమిచ్చే బీఎంపీ-2 అనే ప్రోటీనును ఉత్పత్తి చేసుకునేలా వాటికి జన్యువును అందించడం ఈ ప్రాజెక్టు ఉద్దేశం. హైదరాబాదులోని ఒక ప్రయోగశాలలో జూలై నుంచి ఏప్రిల్ వరకు జరిగిన పనిని దశలవారీగా ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఇదే పని మొదలుపెట్టేవారు కొలతలను ఉన్నవి ఉన్నట్టుగా తీసుకోవచ్చు. తప్పులను మాత్రం మళ్లీ చేయనవసరం లేదు. ఫలితాలన్నీ పాత్రల్లో పెంచిన చిట్టెలుక కణాలకు సంబంధించినవే. జంతువులపై ఏ ప్రయోగమూ చేయలేదు.

ప్రోటీనును నేరుగా ఇవ్వకుండా జన్యువును ఎందుకు ఇవ్వాలనే ప్రశ్నకు చరిత్రలోనే సమాధానం ఉంది. ఖనిజం తొలగించిన ఎముకను కండరంలో అమర్చితే అక్కడ కొత్త ఎముక పుడుతుందని మార్షల్ యూరిస్ట్ 1965లో చూపించారు. అమెరికాలో వెన్నెముక శస్త్రచికిత్సకు బీఎంపీ-2ను కొలాజెన్ స్పాంజిలో నింపి వాడడానికి 2002లో అనుమతి లభించింది. స్పాంజి నుంచి ప్రోటీను త్వరగా కారిపోతుంది కనుక దానిని మిల్లీగ్రాముల లెక్కన వాడవలసి వచ్చింది. మెడ వెన్నెముకలో వాడినప్పుడు ప్రాణాపాయకరమైన వాపు వస్తున్నదని 2008లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. జన్యువును ఇస్తే కణాలు కొద్దికొద్దిగా, అవసరమైన చోటనే ప్రోటీనును తయారుచేస్తాయన్నది మా అంచనా.

జన్యుమార్పిడి పని కాబట్టి సంస్థాగత జీవభద్రతా కమిటీ అనుమతి వచ్చిన తరువాతే ప్లాస్మిడ్‌ను, అంటే జన్యువును మోసే గుండ్రని డీఎన్‌ఏను, ముట్టుకున్నాము. ఆ అనుమతి కోసం ఎదురుచూసిన వారాలు పోగులు తీయడం నేర్చుకోవడానికి పనికివచ్చాయి.

దశ 1: పోగులు తీయడం (జూలై, ఆగస్టు)

30 కిలోవోల్టుల వరకు ఇచ్చే విద్యుత్ సరఫరా, ఒక సిరంజి పంపు, మొన కోసేసిన 22 గేజి సూది, అల్యూమినియం రేకు చుట్టిన 15 × 15 సెం.మీ. పలక, వీటన్నిటినీ మూసే ఒక పెట్టె: పరికరాలు ఇంతే. సూది మొన నుంచి వచ్చే ద్రావణాన్ని అధిక వోల్టేజీ సన్నని పోగుగా పలకపైకి లాగుతుంది. పాలిమర్‌గా పీసీఎల్, అంటే పాలీకాప్రోలాక్టోన్ తీసుకున్నాము. క్లోరోఫాం మూడు పాళ్లు, మిథనాల్ ఒక పాలు కలిపి దానిని కరిగించాము.

మొదటి రెండు తప్పులూ క్లోరోఫాంవే. ప్లాస్టిక్ సిరంజిలో ముషలకానికి ఉన్న రబ్బరు ఉబ్బి బిగుసుకుపోయింది. పంపు నెడుతున్నా ద్రావణం కదలలేదు. గాజు సిరంజికి మారాము. పెట్టెకు పెట్టిన అక్రిలిక్ కిటికీ రెండు వారాల్లో మసకబారి లోపలి సూది కనిపించకుండా పోయింది; దాని స్థానంలో గాజు పలక బిగించాము.

గాఢత విషయంలో 8 శాతం దగ్గర దారంలో గుచ్చిన పూసల్లాంటి ముద్దలు వచ్చాయి. 12 శాతం దగ్గర సూది ప్రతి పది నిమిషాలకూ మూసుకుపోయింది. 10 శాతం నిలకడగా నడిచింది. అయినా అదే ద్రావణం, అదే వోల్టేజీ పెట్టుకుని ఒకరోజు మంచి పొర, మరునాడు అతుక్కుపోయిన పోగుల ముద్ద రావడం మమ్మల్ని మూడు వారాలు తిప్పలు పెట్టింది. కారణం ద్రావణంలో లేదు, ఆకాశంలో ఉంది. వానలు పడుతున్న రోజుల్లో గదిలో తేమ 78 శాతం దాకా వెళ్లింది. క్లోరోఫాం ఆవిరవుతూ పోగు ఉపరితలాన్ని చల్లబరచినప్పుడు గాలిలోని నీరు దానిపై సన్నని బిందువులుగా పేరుకుంటుంది. ఆ బిందువులు ఎండిన చోట గుంటలు మిగులుతాయి. తేమను తగ్గించే యంత్రాన్ని గదిలో పెట్టి, పెట్టె అడుగున సిలికా జెల్ పరచి, తేమ 45 శాతానికి దిగిన తరువాతే స్విచ్ వేయాలని నియమం పెట్టుకున్నాము. ఆ రోజు నుంచి పొరలు ఒకేలా వస్తున్నాయి.

స్థిరపడిన పద్ధతి:

1. 1 గ్రాము పీసీఎల్‌ను 7.5 మి.లీ. క్లోరోఫాం, 2.5 మి.లీ. మిథనాల్ మిశ్రమంలో రాత్రంతా కలపాలి.
2. సూదికి, పలకకు మధ్య 15 సెం.మీ. దూరం, 16 కిలోవోల్టులు, గంటకు 1 మి.లీ. ప్రవాహం ఉంచాలి.
3. మూడు గంటలు నడపాలి. ఆపిన వెంటనే పెట్టె తెరవకూడదు. భూమికి కలిపిన కడ్డీతో సూదిని తాకించి, మిగిలిన విద్యుత్తును తీసివేసిన తరువాతే తెరవాలి.
4. పొరను రెండు రోజులు వాక్యూంలో ఉంచి ద్రావకం పూర్తిగా పోయేలా చేయాలి.

రేకుపై చేరిన బరువు 0.24 గ్రాము, మందం 70 మైక్రాన్లు, ఆ రెండింటి నుంచి లెక్కిస్తే ఖాళీ భాగం 87 శాతం. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాల్లో 100 పోగులను కొలవగా సగటు వ్యాసం 710 ± 160 నానోమీటర్లు. ఎముక ఖనిజమైన హైడ్రాక్సీఅపటైట్ పొడిని 5 శాతం కలిపాము. అందరూ కలుపుతున్నారన్నది తప్ప అప్పట్లో మాకు వేరే కారణం లేదు. దాని మూల్యం అయిదో దశలో చెల్లించాము.

ఇప్పటివరకు: తీసిన పొరలు 14, పనికివచ్చినవి 3.

దశ 2: పోగు లోపల డీఎన్‌ఏ (సెప్టెంబరు, అక్టోబరు)

కణంలోకి వెళ్లిందీ లేనిదీ పచ్చని వెలుగుతో తెలియజేసే జీఎఫ్‌పీ జన్యువున్న ప్లాస్మిడ్‌తో మొదలుపెట్టాము. ప్లాస్మిడ్ నీటిలో మాత్రమే కరుగుతుంది, పీసీఎల్ నీటిలో కరగదు, క్లోరోఫాం వంటి ద్రావకాల్లో కరుగుతుంది. అందువల్ల 100 మైక్రోగ్రాముల డీఎన్‌ఏ ఉన్న నీటిని స్పాన్-80 అనే కలిపి ఉంచే పదార్థం సాయంతో పాలిమర్ ద్రావణంలో సన్నని బిందువులుగా చెదరగొట్టి, తెల్లని ఎమల్షన్‌గా చేసి పోగు తీశాము. ఎమల్షన్ కోసం శబ్ద తరంగాలతో కలిపే సోనికేటర్ కడ్డీని 30 సెకన్లు వాడాము.

అంకెలు బాగున్నాయి. పికోగ్రీన్ అనే రంగుతో కొలిస్తే వేసిన డీఎన్‌ఏలో 88 శాతం పొరలోనే ఉన్నది. మొదటి రోజు 61 శాతం, తరువాతి ఇరవై రోజుల్లో మరో 9 శాతం బయటికి వచ్చింది. మొదటి రోజే సగానికి మించి కారిపోవడం మంచి లక్షణం కాకపోయినా, వచ్చిన డీఎన్‌ఏ పనిచేస్తుందనే అనుకున్నాము. కణాల్లో ఒక్క పచ్చ చుక్క కూడా కనిపించలేదు.

ఆ డీఎన్‌ఏను, ముక్కలను పొడవును బట్టి వేరుచేసే అగరోజ్ జెల్‌పై నడిపించమని మా గైడ్ గారు చెప్పినప్పుడు, పికోగ్రీన్ అంకెలున్నాక జెల్ ఎందుకని మనసులో అనుకున్న మాట నిజం. జెల్‌పై ప్లాస్మిడ్ గీత లేదు. పైనుంచి కిందికి జారిన మసక మాత్రమే ఉన్నది. సోనికేటర్ దానిని ముక్కలుగా కోసివేసింది. ముక్కైనా, మొత్తమైనా రెండు పోగుల డీఎన్‌ఏ అయితే చాలు, పికోగ్రీన్ వెలుగుతుంది. కాబట్టి ఎంత ఉన్నదన్నదే అది చెప్పగలదు, బతికి ఉన్నదా అన్నది చెప్పలేదు.

సోనికేటర్ మాని, గొట్టాన్ని వేగంగా కుదిపే వోర్టెక్స్ యంత్రంతో కలిపాము. ప్లాస్మిడ్ కొంతవరకు దక్కింది గాని ఎమల్షన్ నిలవలేదు. నలభై నిమిషాల్లో సిరంజిలోనే నీటి భాగం విడిపోయింది. అలా తీసిన ఒకే పొర నుంచి కోసిన 12 మి.మీ. బిళ్లల్లో డీఎన్‌ఏ 0.3 నుంచి 2.1 మైక్రోగ్రాముల వరకు మారింది. ఏడు రెట్ల తేడా ఉన్న బిళ్లలతో ఏ పోలికా సాధ్యం కాదు.

ఇదే దశలో చేసిన మరో తప్పు శుద్ధి చేయడానికి సంబంధించినది. పీసీఎల్ దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది కనుక వేడి ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ పనికిరాదని, అతినీలలోహిత దీపం కింద గంటసేపు ఉంచాము. సూక్ష్మజీవులను చంపేది వాటి డీఎన్‌ఏను పాడుచేసే ఆ కిరణమే. మా ప్లాస్మిడ్‌ను అది వేరుగా చూడదు. అప్పటి నుంచి ఖాళీ పొరను ముందుగా 70 శాతం ఇథనాల్‌లో నానబెట్టి శుద్ధి చేసి, జన్యువును ఆ తరువాతే, శుభ్రమైన హుడ్ కింద చేరుస్తున్నాము. నీటిని దగ్గరికి రానివ్వని పీసీఎల్ పోగుల మధ్యకు ద్రవం చొరబడడానికి కూడా ఇథనాల్ తోడ్పడుతుంది.

నిర్ణయం: జన్యువును పోగు లోపల దాచే ఆలోచన విరమించి, పోగుపైన నిలపాలి. నిదానంగా విడుదల కావడమనే గుణాన్ని కొంత వదులుకుంటున్నామని తెలిసే చేశాము.

ఇప్పటివరకు: తీసిన పొరలు 23, పనికివచ్చినవి 7. ఖర్చైన ప్లాస్మిడ్ 640 మైక్రోగ్రాములు. దానితో వచ్చిన ఫలితం సున్నా.

దశ 3: పోగుపైన డీఎన్‌ఏ (నవంబరు, డిసెంబరు)

ప్లాస్మిడ్‌ను పాలీఇథిలీనిమీన్, అంటే పీఈఐ అనే ధనావేశ పాలిమర్‌తో చుట్టి చిన్న రేణువులుగా చేసి, జెలటిన్ పూసిన పోగులపై అంటించడం కొత్త పద్ధతి. పీఈఐ అతిగా ఉంటే కణాలను చంపుతుంది, తక్కువైతే డీఎన్‌ఏను పట్టి ఉంచదు. అందువల్ల లెక్కను ప్రతిసారీ కాగితంపై వేస్తున్నాము:

1. 1 మైక్రోగ్రాము డీఎన్‌ఏలో సుమారు 3 నానోమోల్‌ల ఫాస్ఫేట్ ఉంటుంది.
2. నైట్రోజన్, ఫాస్ఫేట్‌ల నిష్పత్తి 10 కావాలంటే 30 నానోమోల్‌ల నైట్రోజన్ కావాలి.
3. పీఈఐలో ఒక మోల్ నైట్రోజన్‌కు 43 గ్రాములు లెక్కన అది 1.3 మైక్రోగ్రాముల పీఈఐ అవుతుంది.

ఈ రెండింటినీ మొదట ఉప్పునీటిలో కలిపాము. అరగంటలో రేణువులు ఒకదానికొకటి అతుక్కుని మైక్రాన్ సైజు దాటాయి; పోగులపై అవి మట్టిపెళ్లల్లా కనిపించాయి. 5 శాతం గ్లూకోజ్ ద్రావణంలో కలిపినప్పుడు 120 నానోమీటర్ల దగ్గర నిలిచాయి.

జెలటిన్ పూత కడిగినప్పుడు పోకుండా గ్లుటరాల్డిహైడ్ ఆవిరితో గట్టిపరచాము. కణాలు పెట్టిన రెండో రోజు సూక్ష్మదర్శినిలో పొరంతా పచ్చగా వెలిగింది. మా జూనియర్ పరిశోధకురాలు అదే రోజు, ఎవరూ అడగకుండానే, డీఎన్‌ఏ వేయని బిళ్లను కూడా చూసింది. అదీ అంతే పచ్చగా ఉన్నది. గ్లుటరాల్డిహైడ్‌తో ముడిపడిన జెలటిన్ సహజంగానే జీఎఫ్‌పీ వెలిగే రంగు పరిధిలోనే వెలుగుతుంది. ఆ వారం తీసిన నలభై చిత్రాలను పక్కన పెట్టాము. మేము కణాన్ని అడిగిన ప్రశ్నకు దాని బదులు పొరే జవాబు చెప్పడం మాకు అది మొదటిసారి, చివరిసారి కాలేదు.

రెండు మార్పులు చేశాము. మొదటిది, పీసీఎల్ పొరను 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో గంటసేపు ఉంచి ఉపరితలంపై కార్బాక్సిల్ సమూహాలు తెరిచి, ఈడీసీ, ఎన్‌హెచ్‌ఎస్ అనే రసాయనాలతో జెలటిన్‌ను వాటికి కట్టాము. పచ్చ మెరుపు దాదాపు పోయింది. రెండోది, జీఎఫ్‌పీ స్థానంలో లూసిఫరేజ్ జన్యువుకు మారాము. దాని వెలుగు రసాయన చర్య నుంచి పుడుతుంది. బయటి కాంతి అక్కరలేదు కనుక పొర సొంత మెరుపు దానిలో కలవదు. జెలటిన్ రకం కూడా ముఖ్యమే. ఎ-రకం జెలటిన్ మేము ఇచ్చిన రేణువుల్లో 31 శాతాన్నే పట్టుకోగా, తటస్థ పీహెచ్ వద్ద రుణావేశం వహించే బి-రకం 74 శాతాన్ని పట్టుకున్నది.

పికోగ్రీన్ ఇక్కడ మరోసారి, ఈసారి ఎదురు దిశలో మోసం చేసింది. రోజుల తరబడి విడుదల సున్నా అని చూపించింది. పీఈఐ గట్టిగా చుట్టిన డీఎన్‌ఏలోకి రంగు చొరబడలేదు. నమూనాకు హెపారిన్ కలిపి పీఈఐని విడదీసిన తరువాత నిజమైన అంకెలు వచ్చాయి. ప్రామాణిక గీతను గీసే నమూనాలకు కూడా అంతే హెపారిన్ కలపడం మరచిపోకూడదు.

మోతాదు: బిళ్లకు 4 మైక్రోగ్రాముల డీఎన్‌ఏ వేసినప్పుడు మూడో రోజుకు బతికిన కణాలు 48 శాతం, 2 వేసినప్పుడు 69 శాతం, 1 వేసినప్పుడు 84 శాతం. లూసిఫరేజ్ వెలుగు 2 దగ్గర అత్యధికం. అయినా 1 మైక్రోగ్రామునే ఎంచుకున్నాము, ఎందుకంటే ఎముక కణాలు పొరను నింపకముందే చనిపోతే జన్యువుతో పనేమిటి.

ఇప్పటివరకు: తీసిన పొరలు 29, పనికివచ్చినవి 12. ఖర్చైన ప్లాస్మిడ్ 950 మైక్రోగ్రాములు.

దశ 4: కణాలు (జనవరి)

చిట్టెలుక కపాలపు ఎముక నుంచి వచ్చిన ఎంసీ3టీ3-ఈ1 కణాలు వాడుతున్నాము. ఈ దశను క్లుప్తంగా ముగిస్తాను, ఎందుకంటే మూడు తప్పులూ అజాగ్రత్త వల్ల వచ్చినవే.

బిళ్లలు ద్రవంలో తేలాయి. సిలికోన్ వలయాలు పెట్టి అణిచాము. కణాలు బిళ్ల అంచు దాటి, బిళ్లను ఉంచిన పాత్రలోని గుంట అడుగునున్న ప్లాస్టిక్‌పై పెరిగాయి. కొలత వేళ వాటిని కూడా పొరపై ఉన్నవిగా లెక్కించాము. ఇప్పుడు 20,000 కణాలను 30 మైక్రోలీటర్ల చుక్కగా బిళ్ల మధ్యలో వేసి, రెండు గంటలు ఆగి, తరువాతే మాధ్యమం (కణాలకు పోషకాలిచ్చే ద్రవం) పోస్తున్నాము. కొలతకు ముందు బిళ్లను కొత్త గుంటలోకి మారుస్తున్నాము. మూడోది అన్నిటికన్నా ఖరీదైనది: మామూలు ఆల్ఫా-ఎంఈఎం మాధ్యమంలో ఆస్కార్బిక్ ఆమ్లం ముందే ఉంటుంది. ఈ కణాలు ఎముక కణాలుగా మారడానికి అదే సంకేతం. మేము ప్రయోగం మొదలుపెట్టకముందే, నిల్వ సీసాలోనే అవి మారడం మొదలుపెట్టాయి. ఆస్కార్బిక్ ఆమ్లం లేని రకాన్ని తెప్పించి, కొత్త గొట్టం నుంచి కణాలను మళ్లీ పెంచడానికి మూడు వారాలు పట్టింది.

ఇప్పటివరకు: తీసిన పొరలు 34, పనికివచ్చినవి 17. ఖర్చైన ప్లాస్మిడ్ 1,070 మైక్రోగ్రాములు.

దశ 5: బీఎంపీ-2 జన్యువు (ఫిబ్రవరి నుంచి ఏప్రిల్)

మానవ బీఎంపీ-2 జన్యువున్న ప్లాస్మిడ్‌తో మూడు కొలతలు తలపెట్టాము: ఏడో రోజున ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముక కణాలుగా మారేటప్పుడు పెరిగే ఎంజైము) చర్య, మూడో రోజున ఆర్‌ఎన్‌ఏ, ఇరవై ఒకటో రోజున ఖనిజం. మూడింటిలోనూ పొర కల్పించుకున్నది.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ విలువను కణాల సంఖ్యతో భాగించాలి. ఆ సంఖ్యకు గుర్తుగా బిళ్లలోని మొత్తం డీఎన్‌ఏను కొలవడం వాడుక. అలా చేస్తే జన్యువు మోసే బిళ్ల, ఖాళీ బిళ్లకంటే 7 శాతం తక్కువ చూపించింది. రెండు రోజులు జన్యువు పనిచేయలేదన్న నిరాశలోనే ఉన్నాము. తరువాత లెక్క చూస్తే, బిళ్లలో దొరికిన 0.95 మైక్రోగ్రాముల్లో 0.4 మేము పూసిన ప్లాస్మిడే. చిట్టెలుక కణం ఒక్కొక్కదానిలో సుమారు 6 పికోగ్రాముల డీఎన్‌ఏ ఉంటుంది కనుక, లేని కణాలను దాదాపు 65,000 మేమే లెక్కలో కలిపాము. మొత్తం ప్రోటీనుతో భాగిద్దామంటే జెలటిన్ కూడా ప్రోటీనే. చివరికి, బిళ్లను మూడుసార్లు కడిగి సీరం జాడ తీసివేసిన తరువాత, కణాలను పగలగొట్టి లాక్టేట్ డీహైడ్రోజనేజ్ ఎంజైముతో కణాల సంఖ్య అంచనా వేశాము; అది పొరలో ఉండదు. సరిదిద్దిన విలువ ఖాళీ బిళ్లకు 1.6 రెట్లు.

ఆర్‌ఎన్‌ఏ కొలతలో ప్లాస్మిడ్ మళ్లీ అడ్డుపడింది. ఇందులో ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, దానిని చక్రం చక్రానికి రెట్టింపు చేస్తూ కొలుస్తాము; ఎంత తక్కువ చక్రాలకు సంకేతం వస్తే అంత ఎక్కువ ఉన్నట్టు. ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే ఎంజైము వేయని నమూనాలో కూడా 19వ చక్రానికే సంకేతం వచ్చింది. వేసిన నమూనాలో 18వ చక్రానికి. అంటే కొలిచినదానిలో సగం దాకా పూతలోని ప్లాస్మిడే. డీఎన్‌ఏస్ ఎంజైముతో రెండుసార్లు శుద్ధి చేసిన తరువాత మొదటిది 33కు వెళ్లింది, రెండోది 24 దగ్గర నిలిచింది. ఈ తొమ్మిది చక్రాల తేడా లేకుండా ఏ విలువనూ నమోదు చేయడం లేదు. ప్రోటీనును ఎలైసా అనే పరీక్షతో కొలిచేటప్పుడు ఖాళీ ప్లాస్మిడ్ (బీఎంపీ-2 జన్యువు లేనిది) పూసిన బిళ్ల తప్పనిసరి, ఎందుకంటే మనిషి, చిట్టెలుకల పరిపక్వ బీఎంపీ-2 అణువులు ఒకేలా ఉంటాయి. వచ్చినది మా జన్యువు నుంచా, కణం సొంత జన్యువు నుంచా అన్నది ఎలైసా చెప్పలేదు.

ఖనిజాన్ని అలిజరిన్ రెడ్ అనే రంగుతో చూస్తారు. అది కాల్షియంను పట్టుకుని ఎర్రబడుతుంది. మా బిళ్లలు ముదురు ఎరుపుకు తిరిగాయి. కణాలే పెట్టని బిళ్ల కూడా ఎర్రబడింది. మొదటి దశలో అలవాటుగా కలిపిన 5 శాతం హైడ్రాక్సీఅపటైట్ స్వయంగా కాల్షియం ఖనిజమే. రంగును సెటైల్‌పిరిడీనియం క్లోరైడ్‌తో కరిగించి 562 నానోమీటర్ల వద్ద కాంతి శోషణను చదివితే కణాలు లేనిదానికి 1.12, ఉన్నదానికి 1.31. తేడా 0.19 ఉన్నా, అంత పెద్ద నేపథ్యంపై దానిని నమ్మలేము.

హైడ్రాక్సీఅపటైట్ లేకుండా ఎనిమిది పొరలు మళ్లీ తీశాము. ఇరవై ఒక్క రోజుల తరువాత, ఒక్కో వర్గానికి నాలుగు బిళ్లల సగటు:

1. కణాలు లేని బిళ్ల: 0.09
2. కణాలు, ఖాళీ ప్లాస్మిడ్: 0.21
3. కణాలు, బీఎంపీ-2 ప్లాస్మిడ్: 0.38

చూడడానికి వెలవెలబోయిన లేత ఎరుపు. మునుపటి ముదురు ఎరుపు చిత్రాన్నే సమావేశంలో చూపిద్దామని ఒకరు అన్నారు, నేను ఒప్పుకోలేదు.

ఇప్పటివరకు: తీసిన పొరలు 42, పనికివచ్చినవి 24. ఖర్చైన ప్లాస్మిడ్ 1,480 మైక్రోగ్రాములు.

ప్రస్తుత స్థితి (ఏప్రిల్ చివరి వారం)

రెండు పనులు మిగిలి ఉన్నాయి. మొదటిది లోతు. అడ్డకోత తీసి కేంద్రకాలకు రంగు వేసి చూస్తే, 70 మైక్రాన్ల పొరలో కణాలు పై 25 మైక్రాన్లు దాటి దిగలేదు. పోగుల మధ్య సందులు కణం కంటే చిన్నవి. పీసీఎల్‌తో పాటు నీటిలో కరిగే పాలీఇథిలీన్ ఆక్సైడ్ పోగును రెండో సూదితో కలిపి తీసి, తరువాత కడిగివేస్తే సందులు పెరగాలి. మొదటి పొర కడిగినప్పుడు ముడుచుకుపోయింది, అంచులను చట్రానికి బిగించి మళ్లీ ప్రయత్నిస్తున్నాము.

రెండోది నిల్వ. ప్రతి ప్రయోగానికీ అప్పటికప్పుడు రేణువులు పూయడం సాధ్యం కాదు కనుక బిళ్లలను గడ్డకట్టించి ఎండబెట్టి, మైనస్ 20 డిగ్రీల వద్ద దాచాము. రెండు వారాల తరువాత లూసిఫరేజ్ వెలుగు తాజా బిళ్లతో పోలిస్తే 12 శాతమే మిగిలింది. ఎండబెట్టే ముందు 5 శాతం ట్రీహలోస్ అనే చక్కెర కలిపినప్పుడు 58 శాతం మిగిలింది. నాలుగో వారపు పెట్టెను వచ్చే మంగళవారం తెరుస్తాము. అందులో 12 బిళ్లలున్నాయి: ఆరింటిపై జన్యువు ఉన్నది, మూడు జన్యువు లేనివి, మిగిలిన మూడింటిపై జన్యువు ఉన్నా కణాలు వేయము.